పెళ్లిరోజుకి విశాఖ: బరంపురం నుంచి ఏటా కారులో వెళ్లేవాళ్ల మాట

మాది ఒడిశాలోని బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం ఇంటికి అరగంట దూరంలో ఉండగా బీచ్ కోసం విశాఖ దాకా ఎందుకని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతారు. బీచ్ కోసం కాదని చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. కరోనా కాలం తప్పిస్తే, పెళ్లయిన మరుసటి ఏడాది నుంచి ప్రతి ఫిబ్రవరిలో మా ఆయనా నేనూ కారేసుకుని వెళ్తూనే ఉన్నాం. ఎలా ఉంటుందని ఎవరడిగినా నేను ముందు చెప్పే మాట ఒక్కటే: విశాఖలో ఉన్న చుట్టాలకి చెప్పకండి.

సరదాకి అనడం లేదు. విశాఖలో పిన్నో, మేనత్తో, ఆడపడుచో లేని తెలుగిల్లు బరంపురంలో దొరకడం కష్టం. "ఊళ్లోకొచ్చి హోటల్లో దిగుతారా, మేమేం చచ్చామా?" అని ఒక్క ఫోనొస్తే చాలు, పెళ్లిరోజు కాస్తా గాజువాకలో టిఫిను, సీతమ్మధారలో భోజనం, మధురవాడలో కాఫీ అయిపోతుంది. మొదట్లో మాకు అదే అయింది. ఇప్పుడు తిరిగొచ్చే రోజున ఊరు దాటాక పిన్నికి ఫోన్ చేస్తాం. రెండు రోజులు అలుగుతుంది, తర్వాత మామూలే.

దారి సంగతి. అంతా పదహారో నంబరు జాతీయ రహదారే, దాదాపు 270 కిలోమీటర్లు. ఆగుతూ వెళ్తే ఆరు గంటలు వేసుకోండి. ఒడిశా సరిహద్దు దగ్గరి గిరిసోల దాటకముందే ట్యాంకు నింపుకోవాలి. ఆంధ్రలో పెట్రోలు లీటరు దగ్గర ఏడెనిమిది రూపాయలు ఎక్కువ, అందుకే మా వైపు బంకుల్లో ఆంధ్రా నంబరు బళ్లు వరసలో ఉంటాయి. టోల్‌గేట్లు వరసగా తగులుతాయి. 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి తగ్గింపు ఉంటుంది గానీ, రాత్రి ఉండేవాళ్లకి అది పనికిరాదు. 2025 ఆగస్టులో వచ్చిన ఫాస్టాగ్ ఏడాది పాసు కూడా మాలాగా ఏడాదికోసారి కదిలేవాళ్లకి గిట్టుబాటు కాదు.

ఇచ్ఛాపురం దాటాక స్టీరింగ్ నాది. ఈ దారి మొత్తంలో నాకు నచ్చే ముక్క ఇక్కడి నుంచి పలాస దాకా. ఎడమ చేతి వైపు ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు. ఆకాశం తేటగా ఉంటే కుడివైపు మహేంద్రగిరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిపోయాక మేం వెళ్లినప్పుడు ఈ దారి గుర్తుపట్టలేనట్టు ఉంది. తలలు విరిగి కొన్ని, కూకటివేళ్లతో లేచి కొన్ని, వరసలకి వరసలే కొబ్బరిచెట్లు. మా ఆయన పాటలు ఆపేసి కూర్చున్నాడు. కొత్త మొక్కలు కాపుకొచ్చేసరికి ఏళ్లు పట్టింది. పైలిన్ 2013లో మా గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014లో విశాఖ మీద, ఆ తర్వాత తిత్లీ, మూడూ అక్టోబరులోనే. పెళ్లిరోజు అక్టోబరులో పడితే రూము బుక్ చేసేముందు వాతావరణం వార్తలు చూసుకోండి.

నరసన్నపేటలో ఇడ్లీ, వంశధార వంతెన, శ్రీకాకుళం. అరసవల్లి దర్శనం చేసుకోవాలనుకుంటే ఆదివారం వద్దు, రథసప్తమి ముందూ వెనకా అసలే వద్దు. మాఘంలో పెళ్లయినవాళ్లు క్యాలెండరు చూసుకుని బయల్దేరాలి. చిలకపాలెం దగ్గర పక్కకి తిరిగితే పొందూరు. అక్కడ ఖద్దరు నేతకి పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో ఒకావిడ పత్తి దువ్వుతుంటే చూశాను. గింజ చుట్టూ ఉన్న నూగు అంతా ఒకే వైపుకి, జడ దువ్వినట్టు వచ్చేస్తుంది. మా ఆయనకి అక్కడ పంచె కొనడం అలవాటైంది. నాకు చీర గొడవ లేదు, బరంపురం పట్టు కట్టేవాళ్లం విశాఖలో పట్టుచీర కొనడం ఏంటి!

ఇక ఊరు. ఆర్కే బీచ్ రోడ్డు మీద రూము తీసుకోవద్దన్నది నా గట్టి అభిప్రాయం. ఒకసారి ఒక హోటల్లో 'సీ వ్యూ' అని చెప్పి డబ్బు ఎక్కువ తీసుకున్నారు. బాత్రూం కిటికీలోంచి మెడ చాస్తే ట్యాంకుల మధ్య నీలంగా ఒక గీత కనబడింది, వాళ్ల లెక్కలో అదే సముద్రం. పైగా అర్ధరాత్రి దాకా హారన్లు. రుషికొండ దాటి భీమిలి వైపు దిగితే ఆ ఖర్చులోనే ప్రశాంతత దొరుకుతుంది, బీచ్ రోడ్డుకి సాయంత్రం వెళ్లి రావచ్చు.

సాయంత్రం మాత్రం వెళ్లాల్సిందే. బరంపురంలో లేనిది ఆ సందడే. కాలేజీ పిల్లలు, నేవీవాళ్ల కుటుంబాలు, బెలూన్లు, గుర్రాలు, మొక్కజొన్న పొత్తుల పొగ. మురీ (మరమరాల) మిక్చర్ బండి దగ్గర మేం ప్రతిసారీ ఆగుతాం. డబ్బాలో మురీలు, ఉల్లి, టమాటా, పల్లీలు, కారం, నిమ్మరసం పోసి గరిటెతో టకటకలాడించి, పొట్లంలో పోసి, చెంచాకి బదులు చిన్న అట్టముక్క గుచ్చి ఇస్తాడు. మూఢీ తిని పెరిగిన గంజాం మనిషిగా మా ఆయన వంక పెట్టకుండా ఉండడు, అయినా రెండో పొట్లం ఆయనే అడుగుతాడు. ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగకండి, లోపలికి లాగేస్తుంది.

ఓడీ 07 నంబరు చూసి పార్కింగ్ కుర్రాళ్లు హిందీలో మొదలుపెడతారు. మేం తెలుగులో బదులిస్తే "మీది ఇక్కడేనా మేడం?" అంటారు. 1936 దాకా మేమంతా ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ అని పార్కింగ్ చీటీ చేతిలో పట్టుకుని చెప్పే ఓపిక నాకు లేదు.

కురుసుర జలాంతర్గామి ఒక్కసారి చూస్తే చాలు. 2002 నుంచి మ్యూజియం, సోమవారం మూత. ఇరుకు గుండా వంగి నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. కైలాసగిరి పిల్లలున్నవాళ్లకి. ఇద్దరే ఉంటే తొట్లకొండకి ఓటు. మంగమారిపేట దగ్గర కొండ మీదున్న పాత బౌద్ధారామం, పొద్దున్నే వెళ్తే ఇటుక పునాదుల మధ్య మీరూ, కింద సముద్రమూ తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. అక్కణ్నుంచి భీమిలి దాకా తీరం పక్కనే డ్రైవ్. నా లెక్కలో పెళ్లిరోజు అంటే ఆ గంటే, మిగతాదంతా దానికి హంగు.

ఒక్క రాత్రికి వెళ్తే అలసటే మిగులుతుంది. రెండు రాత్రులు, అదీ వారం మధ్యలో పెట్టుకోండి. జీడిపప్పు వచ్చేటప్పుడు పలాస కాశీబుగ్గలో కొనండి, వెళ్లేటప్పుడు కాదు. ఎండలో కారులో మగ్గితే కరకర పోతుంది. గుండు (బద్దలు కాని నిండు పప్పు) తీసుకుని ఒకటి విరిచి చూడండి. టక్కున విరిగితే కొనండి, వంగితే పక్క కొట్టుకి నడవండి.