బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్ దగ్గర "ఈ పూట మూసేశారు" అన్నవాణ్ణి నమ్మి నీలం రాయి కొన్నాం. మీరు కొనకండి

బ్యాంకాక్ వెళ్లేవాళ్లు ముందు ఇది చదివి, మిగతా ప్లాన్ తర్వాత వేసుకోండి. గ్రాండ్ ప్యాలెస్ గోడ వెంట నడుస్తుంటే ఎవరైనా మర్యాదగా దగ్గరికొచ్చి "ఈ పూట మూసేశారు, ఒంటిగంటకి తీస్తారు" అంటే నమ్మకండి. ఆ మనిషి ఎక్కించే టుక్‌టుక్, అది తీసుకెళ్లే చిన్న గుడి, ఆ గుళ్లో అనుకోకుండా కలిసే పెద్దమనిషి, చివర్లో వచ్చే రాళ్ల కొట్టు, అన్నీ ఒకే తాడుకి కట్టినవి. ఆ తాడు పట్టుకుని మేం చివరిదాకా వెళ్లాం. 22,000 బాత్‌లు (థాయ్ డబ్బు) వదిలించుకున్నాం.

ఇలాంటి పోస్టులు చదివి "చదువుకున్నవాళ్లు ఇంత తేలిగ్గా ఎలా పడతారో" అని నవ్వుకున్నవాణ్ణే నేనూ. అందుకే ఎలా పడ్డామో వరసగా చెప్తాను.

పెళ్లిరోజని వెళ్లాం. పొద్దున్నే సీలోమ్ రోడ్డులో ఉన్న శ్రీ మహా మారియమ్మన్ గుడికి వెళ్లాం. 19వ శతాబ్దంలో తమిళులు కట్టుకున్న గుడి అది. స్థానికులు వాట్ ఖేక్ అంటారు. గోపురం చూస్తే ఏ కుంభకోణంలోనో ఉన్నట్టుంటుంది, లోపల దణ్ణం పెట్టేవాళ్లలో సగానికి పైగా థాయ్‌వాళ్లే. బంతిపూల దండలు, కొబ్బరికాయలు, పళ్లు పెట్టిన పళ్లేలు పట్టుకుని మనకంటే భక్తిగా వరసలో నిలబడతారు. లోపల ఫొటోలు తియ్యనివ్వరు, అదీ మంచిదే. బొట్టు పెట్టించుకుని, మనసు తేలికై, సఫాన్ తాక్సిన్ దగ్గర నారింజ జెండా పడవెక్కి చావ్ ఫ్రాయా నది మీదుగా థా చాంగ్ రేవులో దిగాం. అప్పటికి పదయింది. ఎండ నెత్తిన మాడ్చేస్తోంది.

ప్యాలెస్ తెల్లగోడ ఎంత నడిచినా తరగదు. మేం గేటు ఎటో తెలీక మ్యాపు చూసుకుంటూ నిలబడ్డాం. అక్కడే కలిశాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఫొటో ఉన్న కార్డు, చేతిలో గొడుగు. "నమస్తే" అన్నాడు. మా ఆవిడ చున్నీ చూసి, లోపలికి ఇలా భుజాలు కప్పుకునే రావాలి, నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు అయితే రానివ్వరు, మీరు తెలిసినవాళ్లలా ఉన్నారు అన్నాడు. ఇది నిజమే. అక్కడ బట్టల విషయంలో చాలా పట్టింపు. ఒక నిజం చెప్పి నమ్మకం సంపాదించాక రెండోది చెప్పాడు: ఇప్పుడు భిక్షువుల పూజ జరుగుతోంది, ఒంటిగంటదాకా థాయ్‌వాళ్లకే ప్రవేశం.

గేటు అక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు, ఆ మూల తిరిగితే చాలు. తిరగలేదు. ఎండ ఒకటి, అంత మర్యాదగా చెప్పే మనిషి మాట కొట్టేసి వెళ్తే ఏం బాగుంటుందన్న మొహమాటం ఒకటి. ఈ మొహమాటం మీదే వాళ్ల వ్యాపారమంతా నడుస్తోందని ఇప్పుడనిపిస్తోంది.

మా మ్యాపు తీసుకుని పెన్నుతో మూడు సున్నాలు చుట్టాడు. నిలబడ్డ బుద్ధుడొకటి, అదృష్టం ఇచ్చే బుద్ధుడొకటి, మూడోది "ఎగుమతి కేంద్రం". అది ఊరికే దారిలో ఉందన్నట్టు చుట్టాడు. పక్కనే ఆగున్న టుక్‌టుక్ సర్కారువాళ్లు పర్యాటకుల కోసం పెట్టిందట, అన్నీ తిప్పి 40 బాత్‌లే తీసుకుంటాడట. సర్కారు టుక్‌టుక్ అనేది లేదు. ఆ ఎండలో గంటన్నర తిప్పి 40 బాత్‌లకి ఎవడికి గిట్టుబాటవుతుంది? మిగతా డబ్బు కొట్టువాడు ఇస్తాడు. ఆ సంగతి తర్వాత కళ్లతో చూశాను.

రెండో గుళ్లో జరిగింది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేం పడింది అక్కడే. చిన్న గుడి, జనం లేరు. ఓ యాభై ఏళ్లాయన చెప్పులు బయట విడిచి లోపల మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. మా వైపు చూడను కూడా లేదు. దణ్ణం పెట్టడం అయ్యాక, మా ఆవిడ బంగారు రేకు ఎలా అతికించాలో తెలీక తడబడుతుంటే లేచొచ్చి చూపించాడు. అక్కడ వేలెడంత చదరపు బంగారు రేకులు అమ్ముతారు, విగ్రహానికి అద్దాలి. రుద్దితే చిరుగుతుంది, మెల్లగా ఊదాలి అన్నాడు. ఆవిడ ఊదింది, కొంత విగ్రహానికి అంటింది, కొంత బొటనవేలికి. ఆ రోజు మా చేతికి అంటిన అసలు సరుకు అదొక్కటే.

మాటల్లో తనే చెప్పాడు, తను బ్యాంకు ఉద్యోగినని, బావమరిది విదేశాల్లో ఉన్నాడని, పోయిన ఏడాది ఇదే సర్కారు అమ్మకంలో రాళ్లు కొని అక్కడ రెట్టింపుకి అమ్మాడని, ఈ ఏడాది అమ్మకానికి ఇవాళే ఆఖరని. "మీరు కొనాలని కాదు, ఊరికే చెప్పా" అన్నాడు కూడా. చీటీ ఇవ్వలేదు, కొట్టు పేరు చెప్పలేదు. ఏదైనా అమ్మజూపితే ఇద్దరం అప్పుడే లేచి వచ్చేసేవాళ్లం. గోడ దగ్గరాయనకీ ఈయనకీ సంబంధం ఉందని ఎలా అనుకుంటాం? ఒకరితో ఒకరికి పరిచయం లేనట్టున్న మనుషులు చోటు మార్చి చోటు ఒకే మాట చెబితే నమ్మకం కుదురుతుంది. పైగా ఆయన దేవుడి ముందు కూర్చుని చెప్పాడు.

సర్కారు రాళ్ల అమ్మకం, ఏడాదికోసారి రాయితీ, ఆఖరి రోజు, ఇవేవీ లేవండి. ప్రతిరోజూ ఆఖరి రోజే అక్కడ.

కొట్టులో ఏసీ, చల్లటి నీళ్లు. అమ్మే అమ్మాయికి మన శాస్త్రం నాకంటే బాగా వచ్చు. నీలం శనికి, కెంపు సూర్యుడికి అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నాకు ఏలినాటి శని నడుస్తోందని మా ఆవిడ నోరుజారింది. అంతే, ట్రే బయటికొచ్చింది. నీలపు రాయిని గాజు పలక మీద గీసి గీత చూపించింది. పెన్నులాంటి మీటరు ఆనించింది, అది కుయ్యిమని పచ్చలైటు వెలిగించింది. "చూశారా, అసలు నీలం."

ఇక్కడ కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. నీలమైనా కెంపైనా అల్యూమినియం ఆక్సైడే. కొలిమిలో తయారుచేసిన నీలం కూడా అదే పదార్థం, అదే గట్టితనం. అందుకే అదీ గాజు మీద గీస్తుంది, ఆ మీటరూ కుయ్యిమంటుంది. 1900ల మొదట్లోనే వెర్నుయి అనే ఫ్రెంచాయన మంటలో పొడి కరిగించి రాళ్లు తయారుచేసే పద్ధతి బయటపెట్టాడు. అలాంటి రాయిని భూతద్దం కింద పెడితే లోపల వంపు తిరిగిన గీతలు, గాలి బుడగలు కనిపిస్తాయి. భూమిలో పుట్టినదానిలో పొరలు తిన్నగా, కోణాల్లో ఉంటాయి. ఇదంతా నాకు తిరిగొచ్చాక ల్యాబ్‌లో చెప్పారు, రిపోర్టులో "సింథటిక్" అని రాసిచ్చాక. అసలు విడ్డూరం ఏంటంటే, జీఐటీ అనే థాయ్ ప్రభుత్వ రత్న పరీక్ష సంస్థ మేం పొద్దున్న అమ్మవారి దర్శనం చేసుకున్న ఆ సీలోమ్ రోడ్డులోనే ఉంది. కొట్టువాళ్లు ఇచ్చే "సర్టిఫికెట్" వాళ్ల ప్రింటర్‌లో వచ్చిందే.

ఇంకోటి, మా నాయనమ్మ ఉంటే ఇంత దూరం రానిచ్చేది కాదు. నీలం పడుతుందో లేదో తెలీకుండా వేలికి పెట్టుకోకూడదు, మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని చూడాలి అనేది. మాకు మూడు నిమిషాలు కూడా ఇవ్వలేదు. కార్డు గీకగానే ఆ నీలం పొదిగిన ఉంగరాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి వేడితో అంటించేసి, ఇల్లు చేరేదాకా విప్పొద్దు, విప్పితే గ్యారంటీ పోతుంది అన్నారు. అప్పుడైనా అనుమానం రావాలి కదా! రాలేదు. అద్దం అవతల మా టుక్‌టుక్‌వాడు గల్లా దగ్గర చీటీ ఒకటి తీసుకుని జేబులో పెట్టుకోవడం చూశాను. పెట్రోలు కూపన్ అది. మేం బయటికొచ్చేసరికి బండి లేదు, తన 40 బాత్‌లు కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.

టాక్సీలో వాట్ ఫో అనే బౌద్ధ గుడికి వెళ్లాం, ప్యాలెస్‌కి దక్షిణాన ఆనుకునే ఉంటుంది. టికెట్టు ఇచ్చే అమ్మాయిని ఊరికే అడిగాను, ప్యాలెస్ తీశారా అని. "పొద్దున ఎనిమిదిన్నర నుంచీ తెరిచే ఉంది" అంది.

లోపల పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. పాదాలకి ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు. వీపు వైపు 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి, చిల్లర మార్చుకుని ఒక్కో గిన్నెలో ఒక్కో నాణెం వేస్తూ నడవాలి. మా ఆవిడ వేస్తూ వెళ్తోంది, టింగు, టింగు, టింగు. నేను వెనక స్తంభానికి ఆనుకుని ఆ చప్పుడుకి లెక్కేసుకుంటున్నాను, మూడుసార్లు చోటు మార్చారు, నాలుగు అబద్ధాలు చెప్పారు, ఒక సంతకం పెట్టించుకున్నారు. చివరి గిన్నె దగ్గర ఆగి తను వెనక్కి చూసింది. చెప్పక్కర్లేకపోయింది. ఎదురుగా ఐదు బాత్‌ల పడవెక్కితే అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడి, మన అరుణుడి పేరే, పింగాణీ ముక్కలు పొదిగిన గోపురం. సాయంత్రం ఎండకి మెరుస్తుందన్నారు. మెరిసిందేమో, నేను బిల్లు చదువుకుంటున్నాను. కింద చిన్న అక్షరాల్లో "అమ్మిన సరుకు వాపసు లేదు" అని ఉంది, దాని కింద నా సంతకం.

ఆ రాత్రి పర్యాటక పోలీసులకి ఫోన్ చేశాను. నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. బిల్లు, కార్డు రసీదు పట్టుకుని రమ్మన్నారు. మర్నాడు మధ్యాహ్నం వెళ్తే అక్కణ్ణుంచే కొట్టుకి ఫోన్ చేశారు. కొట్టువాళ్లు సగం వెనక్కి ఇస్తామన్నారు. నేను కోపంలో మొత్తం కావాలి అని పట్టుబట్టాను. అది నా రెండో తప్పు, ఆ సగం పుచ్చుకుని రావాల్సింది. ఆ రాత్రే మా విమానం. ఇప్పుడు బ్యాంకులో కార్డు ఫిర్యాదు నడుస్తోంది. ల్యాబ్ రిపోర్టు జత చేశాక కాస్త కదలిక వచ్చింది. టుక్‌టుక్ నంబరు ప్లేటు ఫొటో తీసి ఉంటే పోలీసులకి పనికొచ్చేది. మీరెక్కే ప్రతి బండికీ తియ్యండి, ఖర్చేం కాదు.

అదే రోజు పొద్దున, పోలీస్ స్టేషన్‌కి వెళ్లే ముందు, ప్యాలెస్ చూడకుండా పోకూడదని మా ఆవిడ పట్టుబట్టింది. ఎనిమిదీ పావుకే వెళ్లాం. ఎవరినీ అడక్కుండా గోడ వెంటే మూల తిరిగితే గేటు, గేటు ముందు పెద్ద బోర్డు: రోజూ 8.30 నుంచి 3.30 దాకా, అపరిచితుల మాట నమ్మొద్దు. మైకులో కూడా అదే చెప్తున్నారు. టికెట్టు 500 బాత్‌లు. లోపల మరకత బుద్ధుడి గుడి చుట్టూ మంటపం గోడల మీద రామాయణమంతా 178 బొమ్మల్లో గీసి ఉంది, థాయ్ పద్ధతిలో. హనుమంతుడు తెల్లగా ఉంటాడు. మరకత బుద్ధుడు 66 సెంటీమీటర్లే. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని ఏడాదికి మూడుసార్లు రాజుగారే బట్టలు మారుస్తారట. పేరుకి మరకతం గానీ అసలు మరకతం కాదు, జేడ్ అనే వేరే రాయి అని గైడు ఎవరికో చెప్తుంటే మా ఆవిడ నాకేసి చూసి చున్నీ నోటికడ్డం పెట్టుకుంది.

బయటికొచ్చి టాక్సీ కోసం గోడ పక్కన నిలబడ్డాం. ఇంకో మనిషి, ఇంకో ఇస్త్రీ చొక్కా. "నమస్తే సార్, ప్యాలెస్ ఈ పూట మూసేశారు" అన్నాడు. మా ఆవిడ చింపిన టికెట్టు ముక్క తీసి ఆయన మొహం ముందు పట్టింది. ఆయన చిరునవ్వు చెక్కుచెదరలేదు. చేతులు జోడించి, మా వెనక వస్తున్న ఇంకో జంట వైపు తిరిగాడు.