ఐరిష్ ఫిడిల్ ట్యూన్లు చెవితో నేర్చుకునేవాళ్ళకి అడాసిటీ ఎంతవరకు పనికొస్తుంది: రెండేళ్ళు వాడాక నా రివ్యూ

అడాసిటీ మీద రివ్యూలకి కొదవ లేదు కానీ నేను చూసినవన్నీ పాడ్‌కాస్టులు చేసేవాళ్ళు రాసినవే, ఫిడిల్ భుజాన పెట్టుకుని ఒక రీల్‌ని, అంటే వేగంగా సాగే ఐరిష్ డాన్స్ ట్యూన్‌ని, అర్థం చేసుకోవాలని తంటాలు పడే మనిషికి అది ఏం చేసిపెడుతుందో చెప్పింది ఒక్కటీ దొరకలేదు, అందుకే ఇది రాస్తున్నా. రెండేళ్ళుగా ఇంట్లోనే కూర్చుని ఐరిష్, స్కాటిష్ ట్యూన్లు నేర్చుకుంటున్నా, వచ్చినవి రికార్డ్ చేసుకుంటున్నా, రెండు పనులకీ ఇదొక్కటే వాడుతున్నా. అందరూ దీన్ని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అంటారు కానీ నాకు మాత్రం ఇది ముందు వినడానికి పనికొచ్చే వస్తువు, రికార్డింగ్ ఆ తర్వాతే.

ఫ్రీ, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడిట్లోనూ నడుస్తుంది. 1999లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలెట్టారు, 2000లో జనానికి వదిలారు. ఆ సంగతులు ఇంతటితో చాలు.

అసలు స్లో చేసి వినాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. కాగితం మీద చూస్తే ఈ సంగీతం చాలా తేలిక అనిపిస్తుంది, ఎనిమిది బార్ల (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది) మొదటి భాగం రెండుసార్లు, ఎనిమిది బార్ల రెండో భాగం రెండుసార్లు, మొత్తం 32 బార్లు, ఎక్కువ ట్యూన్లు ఇంతే. చికాగో పోలీస్ చీఫ్‌గా ఉన్న ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లోనే 1,850 ట్యూన్లు అచ్చువేయించాడు, ఆయనది ఐర్లండ్‌లోని కార్క్, కాబట్టి స్వరాలు కావాలంటే నూరేళ్ళ పైనుంచే దొరుకుతున్నాయి. కానీ ఆ కాగితంలో బో, అంటే కమాను, ఎప్పుడు వెనక్కి తిరుగుతుందో ఉండదు, ఏ స్వరం మీద ఒత్తిడి పడుతుందో ఉండదు, జిగ్ అనే ఇంకో రకం డాన్స్ ట్యూన్‌లో మూడేసి స్వరాలు సమానంగా రాసి ఉంటాయి గానీ ఎవరూ సమానంగా వాయించరు. అందుకే ఐర్లండ్‌లో ఇప్పటికీ చెవితోనే నేర్చుకుంటారు. కానీ డాన్స్ వేగంలో రీల్ అంటే సెకనుకి ఏడెనిమిది స్వరాలు, కొత్త చెవికి అది ఒకటే గలగల, అందులో ఏదీ విడిగా పట్టుకోలేం.

ఇక్కడే చేంజ్ టెంపో అనే ఎఫెక్ట్ పనికొస్తుంది. శ్రుతి కదలకుండా వేగం తగ్గుతుంది. నేను చేసేదేంటంటే ట్రాక్ తెచ్చుకోగానే కంట్రోల్ డి కొట్టి దానికో కాపీ తీస్తా, కాపీని మాత్రమే 60 శాతానికి తగ్గిస్తా, అసలుదాన్ని ముట్టుకోను, ఎందుకంటే ఒకసారి సాగదీసినదాన్నే మళ్ళీ సాగదీస్తూ పోతే శబ్దం నీళ్ళలో మునిగినట్టు అయిపోతుంది, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా ఈ లెక్కలో తేడా ఉండదు. ఇంకో వేగం కావాలంటే మళ్ళీ అసలుదాని నుంచే ఇంకో కాపీ. 2023లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి అయితే ఆల్ట్ నొక్కి క్లిప్ అంచు పట్టుకుని లాగితే చాలు సాగుతుంది, మళ్ళీ వెనక్కి లాగితే మామూలుగా అయిపోతుంది, ఈ పనికి అది ఇంకా హాయిగా ఉంది. తర్వాత రెండు బార్లు సెలెక్ట్ చేసి ఎల్ నొక్కితే లూప్ అవుతుంది, ఫిడిల్ పక్కన పెట్టేసి ముందు నోటితో పాడతా, డిడిలీ డైడిలీ అంటూ, ఐర్లండ్‌లో దీన్ని లిల్టింగ్ అంటారు, నోట్లో కుదరని ముక్క వేళ్ళలో కుదిరిన సందర్భం నాకైతే ఒక్కటీ లేదు.

దీనివల్ల నాకు దొరికిన ఒక విషయం వివరంగా చెప్తా. రోల్ అని ఒక అలంకారం ఉంటుంది. బి స్వరం మీద పొడుగు రోల్ అంటే కాగితం మీద ఒకే ఒక్క స్వరం రాసి పైన చిన్న గీత పెడతారు, వాయిస్తే అయిదు, బి, పైన డి, మళ్ళీ బి, కింద ఏ, మళ్ళీ బి. గమకం అలవాటైన చెవి కదా నాది, ఇదీ అలాంటిదే అనుకుని వేలు జారుస్తూ వాయించేవాణ్ణి, ఎంత సాధన చేసినా ఆ రంగు వచ్చేది కాదు. ఐర్లండ్‌లోని స్లైగో ప్రాంతపు ఫిడ్లర్ ఒకరి రికార్డింగ్‌ని సగం వేగానికి దించి ఆ ఒక్క రోల్ మీదే లూప్ పెట్టి ఒక సాయంత్రమంతా విన్నా. అక్కడ జారుడు లేనే లేదు. మొదటి బి తన టైమ్ తను నిదానంగా తీసుకుంటుంది, ఆ తర్వాత పై వేలు తీగని అలా తాకి లేచిపోతుంది, ఆ తాకిడి స్వరంలాగా వినపడదు, చిన్న టిక్కులాగా వచ్చి లయలో కలిసిపోతుంది, కింది స్వరమూ అంతే. మొత్తం ఒకే బోలో. అంటే అది స్వరానికి పెట్టిన నగ కాదు, లయకి వేసిన దెబ్బ. ఆ రాత్రి నుంచి నా రోల్ మారింది, ఈ సాఫ్ట్‌వేర్‌కి నేను రుణపడి ఉన్నానంటే అందుకే.

ఇంకోటి, వేవ్‌ఫార్మ్, అంటే శబ్దం హెచ్చుతగ్గుల బొమ్మ, కళ్ళకి కనిపించడం. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు కానీ బో తిరిగిన చోట వేవ్‌ఫార్మ్ సన్నబడి మళ్ళీ లావవుతుంది, బాగా జూమ్ చేస్తే ఎక్కడ తిరిగిందో చాలావరకు పోల్చుకోవచ్చు. ఐర్లండ్‌లోనే డొనెగాల్ ప్రాంతపు ఫిడ్లర్లు, జాన్ డోహర్టీ అనే ఫిడ్లర్ బాణీ వాళ్ళు, ఎక్కువగా స్వరానికో బో చొప్పున కొడతారు, వాళ్ళ ట్రాక్ చూస్తే పూసలు గుచ్చినట్టు విడివిడిగా ఉంటుంది. స్లైగో వాళ్ళది రెండేసి మూడేసి స్వరాలు ఒకే బోలో, అదీ బీట్‌ని దాటుకుంటూ పోతుంది, అక్కడ పూసలు కలిసిపోయి పొడుగ్గా కనిపిస్తాయి. స్కాట్లండ్‌లో స్ట్రాత్‌స్పే అనే డాన్స్ ట్యూన్‌లో అయితే స్కాచ్ స్నాప్, అంటే పొట్టి స్వరం ముందు పొడుగుది వెనక, మొదటి చూపులోనే తెలిసిపోతుంది. జిగ్‌లో మూడు స్వరాల సంగతి కూడా ఇలాగే తేల్చుకున్నా, మొదటిది పొడుగు, మధ్యది బాగా కురచ, మూడోది ఆ రెండిటికీ మధ్యలో, సెలెక్ట్ చేస్తే ఎంతసేపు ఉందో కింద చూపిస్తుంది కాబట్టి వాదన అక్కర్లేదు.

పాత రికార్డుల విషయంలో ఇది మరీ మరీ ఉపయోగం. స్లైగోలోని కిల్లావిల్‌లో పుట్టి న్యూయార్క్ వెళ్ళిపోయిన మైకేల్ కోల్మన్ 1921 నుంచి 1936 దాకా 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు ఇచ్చాడు, ఒక్కో పక్కకి మూడు నిమిషాలు, ఐర్లండ్‌లో ఫిడిల్ వాయించే తీరునే మార్చేసిన రికార్డులవి. వాటితో కలిసి వాయిద్దామంటే శ్రుతి కలవదు, ఆ రోజుల్లో తిరిగిన వేగం తేడా కావచ్చు, ఫిడిలే కాస్త పైకి శ్రుతి చేసి ఉండొచ్చు. ఎన్నిసార్లు మన తీగలు తిప్పుతాం, తెగుతాయి కూడా. స్పీడు, పిచ్ రెండూ కలిపి మార్చే ఎఫెక్ట్‌లో సుమారు 6 శాతం జరిపితే ఒక అర స్వరం జరుగుతుంది, కొంచెం కొంచెంగా జరుపుకుంటూ నా ఏ తీగతో కలిసేదాకా తెచ్చుకుంటా. అసలు రికార్డింగులు ఎక్కడ అంటారా, డబ్లిన్‌లో 1987 నుంచి ఉన్న ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్ వాళ్ళు ఆన్‌లైన్‌లో చాలా పెట్టారు, స్కాటిష్‌కి టోబర్ ఆన్ డుయల్హైస్ (Tobar an Dualchais) అనే ఆన్‌లైన్ ఆర్కైవ్ ఉంది, ఇళ్ళల్లో, వంటింటి పొయ్యి పక్కన కూర్చుని వాయించినవి కూడా వినొచ్చు.

ఇక రికార్డింగ్. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంటే గది, మైక్ ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం అని నా గట్టి అభిప్రాయం. ఫిడిల్‌కి మైక్ దగ్గరగా పెడితే బో గీరుడు, రోజిన్ (బోకి రాసే గుగ్గిలం) బరబర తప్ప ఇంకేం రాదు, ఓ మూడడుగుల దూరంలో, కాస్త ఎత్తులో, ఫిడిల్ పైభాగం వైపు వంచి పెడితే చెక్క శబ్దం వస్తుంది. గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటా, ఒక్క ఫిడిలే కాబట్టి మోనో చాలు. ఫ్యాన్ ఆపేసి, తలుపు వేసి, మొదలెట్టే ముందు అయిదు సెకన్లు ఊరికే నిలబడతా, ఆ నిశ్శబ్దాన్నే తర్వాత నాయిస్ రిడక్షన్‌కి నమూనాగా ఇస్తా, అది కూడా కొద్దిగానే, ఎక్కువ వేస్తే స్వరం చివర సన్నగా ఆగే చోటు తెగిపోతుంది, ఆ చివర్లోనే కదా అందం ఉంది.

ఒక వారం మాత్రం చాలా బాధపడ్డా. పొడుగు బోలు పడిన చోటల్లా శబ్దం మధ్యలో మింగేసినట్టు తగ్గిపోతోంది, నా కుడి చెయ్యే సరిగ్గా లేదనుకుని రోజుకి గంటసేపు ఓపెన్ తీగల మీద బో సాధన చేశా, చివరికి చూస్తే కారణం ల్యాప్‌టాప్‌లో ఎవరో ముందే ఆన్ చేసి ఇచ్చిన మీటింగుల కోసం ఉండే నాయిస్ సప్రెషన్, ఆగకుండా మోగే స్వరాన్ని అది ఫ్యాన్ హోరు అనుకుని తొక్కేస్తుంది. అడాసిటీకి దానితో సంబంధం లేదు, సిస్టమ్ సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆపేయగానే పోయింది. ఇంట్లో రికార్డ్ చేసుకునే ప్రతివాళ్ళూ మొట్టమొదట అది చూసుకోండి, దయచేసి.

రెండో ట్రాక్ కలిపేటప్పుడు లేటెన్సీ సంగతి చూడాలి. ఒక ట్రాక్ వింటూ దాని మీద ఇంకోటి వాయిస్తే రెండోది కాస్త ముందుకో వెనక్కో పడుతుంది, ప్రిఫరెన్సెస్‌లో లేటెన్సీ కాంపెన్సేషన్ అని ఉంటుంది, రిథమ్ ట్రాక్ ఒకటి తయారుచేసి హెడ్‌ఫోన్‌ని మైక్‌కి ఆనించి దాన్నే రికార్డ్ చేసి రెండిటికీ తేడా ఎంతో కొలిచి ఆ అంకె సరిచేస్తే సరిపోతుంది, పావుగంట పని. స్పీకర్లో వింటూ మాత్రం వాయించకండి, మొదటి ట్రాక్ కూడా మైక్‌లోకి దూరిపోతుంది.

సెషన్‌కి, అంటే నలుగురూ కూర్చుని కలిసి వాయించే చోటుకి, వెళ్ళినప్పుడు, అక్కడున్నవాళ్ళని ముందే అడిగి, రెండు గంటలు ఫోన్‌లో రికార్డ్ చేసుకొస్తే దాన్ని ముక్కలు చేయడానికి లేబుల్స్ బాగుంటాయి. వింటూ కంట్రోల్ ఎం కొడితే ఆ చోట గుర్తు పడుతుంది, చివర్లో లేబుల్ లెక్కన అన్నీ వేర్వేరు ఫైళ్ళుగా ఒకేసారి ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. ఎవరెవరు కూర్చున్నారో కూడా లేబుల్లోనే రాసేస్తా.

నచ్చనిది అంటే, మెనూలు చాలా ఎక్కువ, ఫిడిల్ వాయించేవాళ్ళకి అందులో పదోవంతు కూడా అక్కర్లేదు, కావలసింది వెతుక్కోవడానికి మొదట్లో ఓపిక కావాలి. అయిదుకి నాలుగున్నర ఇస్తా. ఊరికే స్లో చేసి వినడమే కావాలంటే ఫోన్‌లో చిన్న యాప్స్ చాలు, కానీ విన్నది, చూసింది, వాయించింది మూడూ ఒకే తెర మీద ఒకదాని కింద ఒకటి పెట్టుకుని పోల్చుకోవాలంటే ఇదే. నా ట్రాక్‌ని అసలు ట్రాక్ కింద పెట్టి చూసిన మొదటిసారి నేను ప్రతి రెండో భాగంలోనూ పరిగెత్తుతున్నానని తెలిసింది, అంతకుముందు నాతో ఎవరూ ఆ మాట అనలేదు.

చివరగా ఒక అలవాటు చేసుకోండి, ఫైల్ పేరులో ట్యూన్ పేరుతో పాటు అది ఎవరి దగ్గర విన్నారో, ఏ రోజు విన్నారో పెట్టండి, సెషన్లలో ట్యూన్ మొదలెట్టే ముందు ఇది ఫలానావారి దగ్గర నేర్చుకున్నాను అని చెప్పడం మర్యాద, రెండేళ్ళ తర్వాత మనకి గుర్తుండదు. ఒకే ట్యూన్‌కి నాలుగైదు పేర్లుంటాయి, కొన్నిటికి పేరే ఉండదు, వాటికి ఐరిష్‌లో గన్ ఆనిమ్ అని రాస్తారు, పేరు లేనిది అని అర్థం. నా దగ్గర అలాంటివి పదకొండు ఉన్నాయి, ఏది ఏదో తెలియడానికి ప్రతిదాని మొదట్లో రెండు బార్లు నోటితో పాడి అతికించి పెట్టుకున్నా.