మూడు పికప్‌లు కొన్నాక రాస్తున్నా: 2007 నుంచి ఇప్పటిదాకా

మాది పొదలకూరు దగ్గర పల్లె. నిమ్మకాయల వ్యాపారం. తోటల్లో కాయ ఎత్తి మార్కెట్ యార్డుకు తోలడం, అక్కడ ధర లేకపోతే నేరుగా మద్రాసు కోయంబేడుకు తోలడం, ఇదే పని. 2007లో ఒకటి, 2014లో ఒకటి, 2023లో ఒకటి, మొత్తం మూడు పికప్‌లు కొన్నాను, మూడూ కొత్తవే. మూడోది లక్షా పదివేల కిలోమీటర్లు దాటింది. మొన్న మా మేనల్లుడు "మావా, నేనూ బండి తీసుకుంటా, ఏది తీసుకోమంటావు" అని వస్తే రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పాను. చెప్పిందంతా ఇక్కడ పెడితే ఇంకో నలుగురికి పనికొస్తుందనిపించింది. కంపెనీల పేర్లు రాయను. ఏ షోరూముకు వెళ్లినా చూసుకోవాల్సినవి ఇవే.

2007లో బండి కొనడమంటే ముందు మనిషిని పట్టుకోవడం. మా నాయన స్నేహితుడు ఒకాయనకు నాలుగు లారీలు ఉండేవి, ఆయన్ని వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్లాం. షోరూములో చూడ్డానికి ఒక్కటే బండి, అదీ వేరే వాళ్లు బుక్ చేసుకున్నది. పదివేలు కట్టి, కాగితం తీసుకుని ఇంటికొచ్చి రెండు నెలలు ఎదురుచూశాం. రంగు తెలుపు, ఇంకోటి లేదు. ధర దగ్గర మాత్రం మధ్యాహ్నం దాకా బేరం నడిచింది. బండి ధర ఒక్క రూపాయి తగ్గించలేదు గానీ టార్పాలిన్, జాకీ, ట్యాంకు నిండా డీజిల్ ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. ఆన్‌రోడ్ నాలుగు లక్షల చిల్లర అయింది.

ఫైనాన్స్ ఆయన మా ఇంటికే వచ్చాడు. మంచం మీద కూర్చుని మజ్జిగ తాగి, తోట చూసి, పక్కింటి వాళ్లను నా గురించి అడిగి వెళ్లాడు. ఇద్దరు జామీనుదారులు, పది ఖాళీ చెక్కులు. వడ్డీ ఎనిమిది శాతమే అన్నాడు, తక్కువే కదా అని సంతకం పెట్టాను. అది ఫ్లాట్ వడ్డీ అని నాకు నాలుగేళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు. లెక్కకు ఐదు లక్షల అప్పు అనుకోండి, నాలుగేళ్లకు ఎనిమిది శాతం ఫ్లాట్ అంటే వడ్డీ లక్షా అరవై వేలు, నెలకు 13,750 కిస్తీ. మనం నెలనెలా అసలు తీర్చుకుంటూ పోతుంటే వాళ్లు మాత్రం చివరి నెల దాకా మొత్తం ఐదు లక్షల మీదే వడ్డీ లెక్కగడతారు. బ్యాంకు లెక్క ప్రకారం తగ్గే అసలు మీద (దీన్నే రెడ్యూసింగ్ అంటారు) వేసుకుంటే అది పద్నాలుగు శాతం పైనే పడుతుంది. ఇప్పటికీ ఎవరైనా "వడ్డీ ఎంత" అని అడిగి ఊరుకుంటారు. "ఫ్లాటా, రెడ్యూసింగా" అని అడగండి. ఆ ఒక్క మాట అడగకపోతే మోసపోయేది మనమే.

బండి చేతికొచ్చాక నేరుగా ఊరికి తీసుకురాలేదు, ఆటోనగర్‌కు తోలాం. వెనక తొట్టికి ఎత్తు చాలదు కాబట్టి ఇనుప యాంగిల్స్ లేపి, టేకు పలకలు వేసి, పన్నెండు రోజులు పట్టింది. పెయింటర్ పెద్దాయన ఒకాయన వెనక డోరు మీద నిమ్మకాయల కొమ్మ వేశాడు. ముందు పసుపు పూసి ఆరనిచ్చి, సన్నటి కుంచెతో ఒక్కో కాయకు ఒక పక్క తెల్లటి మెరుపు దిద్దాడు. ఆ మెరుపుతో కాయ గుండ్రంగా పైకి తేలినట్టు వచ్చేసింది. నేను పక్కన కూర్చుని రెండు టీలు తాగేదాకా ఆ మెరుపుల పనే చేశాడాయన. ఆ బండిని 2016లో అమ్మేసినప్పుడు కొన్నవాడు కావలి అతను, బొమ్మ చెరపొద్దని అడిగాను, సరేనన్నాడు. తర్వాత ఏమైందో అడగలేదు.

ఆ బండికి పవర్ స్టీరింగ్ లేదు, లోడు మీద మలుపు తిప్పితే భుజాలు పట్టేసేవి. కానీ ఎక్కడ ఆగినా బాగుచేసుకోగలిగేవాళ్లం. ఇంజిన్ మిస్ అవుతుంటే మెకానిక్ పానా తీసుకుని ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటీ కాస్త వదులు చేసేవాడు. ఏ పైపు వదిలితే ఇంజిన్ శబ్దం మారదో ఆ సిలిండర్ పని చేయట్లేదని లెక్క. ఐదు నిమిషాల పని. ఇప్పటి కామన్ రైల్ బండ్లకు, అంటే ఒకే పైపులో డీజిల్‌ను బాగా ఒత్తిడితో నిలిపి అన్ని ఇంజెక్టర్లకూ పంపే బండ్లకు, ఆ పని అసలు చేయకూడదు, ఆ పైపుల్లో వేయి బార్ దాటి ఒత్తిడి ఉంటుంది, వదిలితే డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. మా కుర్రాళ్లకు ఈ సంగతి గట్టిగా చెప్పి పెట్టాను.

2014 బండి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మంచి బండి. షోరూములో నాలుగు బండ్లు నిలబెట్టి ఉన్నాయి, మూడో రోజే ఇచ్చేశారు, ఇబ్బంది పెట్టలేదు. ఇప్పటికీ తోటల్లో తిరుగుతూనే ఉంది. ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి దానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, కొత్త బండికైతే రెండేళ్లకోసారి.

అసలు మార్పంతా 2023లో చూశాను. ఈసారి షోరూముకు వెళ్లకముందే ధర ఫోన్లో తెలిసిపోయింది. వేరియంట్లు, తొట్టి పొడవు, పేలోడ్ (మోసే బరువు) అన్నీ ఇంట్లోనే చూసుకున్నాం. మా అబ్బాయి నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా కొటేషన్లు వాట్సాప్‌లో తెప్పించాడు, ఎక్స్-షోరూమ్ ధర, అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధర, రెండింట్లో ఒక్కటే. సరే, ఇంక మోసానికి చోటే లేదు అనుకున్నా. వెళ్లి కూర్చున్నాక అర్థమైంది, బేరం బండి ధర మీద నుంచి కాగితాల మీదకు మారిపోయిందని. కొటేషన్ కింద సగంలో హ్యాండ్లింగ్ చార్జీలు, యాక్సెసరీల కిట్, పొడిగించిన వారంటీ, ఇన్సూరెన్స్ అని నాలుగు వరుసలు. ఇన్సూరెన్స్ ఒక్కటే 62 వేలు వేశారు. బయట ఏజెంటును అడిగితే అంతే విలువకు 49 వేలు. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించిందే, ఏడున్నర టన్నుల లోపు సరుకు బండికి అప్పుడు 16,049 రూపాయలు, ఏ కంపెనీలో కట్టినా అదే. తేడా అంతా ఓన్ డ్యామేజీ, అంటే మన బండికి జరిగే నష్టం భాగంలో. బయట చేయించుకుంటామంటే "అట్లయితే డెలివరీ ఆలస్యమవుతుంది సార్" అన్నాడు ఆ కుర్రాడు. నాకు కోపం వచ్చింది. ఇన్సూరెన్స్ ఎక్కడ చేయించుకోవాలో కొనేవాడి ఇష్టం, షోరూములోనే కట్టాలని ఏ రూల్లోనూ లేదు. మేనేజర్ దాకా వెళ్లి కూర్చుంటే హ్యాండ్లింగ్ చార్జీలు తీసేశారు, ఇన్సూరెన్స్ బయటే చేయించాం. రెండూ కలిపి ఇరవై వేలు మిగిలింది, నెల తిరిగితే అది మా డ్రైవరు జీతం.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలియదు. బండి మొత్తం బరువు, అంటే లోడుతో కలిపి ఆర్‌సీలో రాసే బరువు, మూడు టన్నులు దాటకపోతే సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. నాకు తడ దాటి తమిళనాడు వెళ్లే పని కాబట్టి ఈ మూడు టన్నుల లెక్క ముఖ్యం. బండి సొంత బరువు పదిహేడు వందల కిలోలు ఉంటే మోసేది పదమూడు వందలే. షోరూములో వాళ్లు పెద్ద తొట్టి, ఎక్కువ పేలోడ్ అనే చూపిస్తారు, మూడు టన్నులు దాటితే పర్మిట్ ఖర్చు వస్తుందని వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీరు జిల్లా దాటరు, ధాన్యమో సిమెంటో బరువు సరుకు తోలతారు అనుకుంటే పెద్దదే లాభం. నిమ్మకాయకు పెద్దది వద్దు.

ఇక రెండేళ్లు దాటి తోలాక బండి ఎట్లా ఉందంటే, లోడు మీద లీటరుకు పదమూడు ఇస్తోంది, పాతది పది దాటేది కాదు. స్టీరింగ్ ఒక్క వేలితో తిరుగుతుంది. స్పీడు 80 దగ్గర ఆగిపోతుంది, అది రూలు కాబట్టి చేసేదేం లేదు, హైవే మీద వెనకొచ్చే బస్సులవాళ్లు హారన్ కొడుతుంటారు, ఎడమ పక్కనే పోండి. బండి ఎక్కడుందో మా ఆవిడ ఫోన్లో కనపడుతుంది, రాత్రిపూట కోయంబేడు నుంచి వస్తుంటే ఆమెకు టెన్షన్ సగం తగ్గింది. ఈ ఒక్కదానికి నేను కొత్త బండికి పూర్తి మార్కులు వేస్తాను.

బాధ పడ్డది మాత్రం మసి ఫిల్టర్ దగ్గర. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాయి, డీజిల్లో గంధకం కూడా 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) నుంచి పదికి తగ్గించారు, పొగ నిజంగానే పోయింది, తోటలో కూలీల ముఖాన నల్లపొగ కొట్టడం లేదు, అది మంచిదే. కానీ ఫిల్టర్లో చేరిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఒకే వేగంతో పరుగెత్తాలి. మా పని ఎండాకాలమంతా తోటకూ యార్డుకూ మధ్య ఎనిమిది కిలోమీటర్లు, రెండో గేరు మూడో గేరు. ఏప్రిల్లో ఒకరోజు పసుపు లైటు వెలిగింది, లోడు దించాక చూద్దాంలే అని తిప్పాను, మూడో రోజు బండి గుంజడం మానేసింది. సర్వీసు సెంటర్లో ల్యాప్‌టాప్ పెట్టి శుభ్రం చేసి తొమ్మిది వేల బిల్లు ఇచ్చారు, రెండు రోజుల సీజను పోయింది. అమ్మేటప్పుడు "మీరు రోజూ ఎంత దూరం తోలతారు" అని ఒక్కరూ అడగలేదు. అడిగి, లైటు వెలిగితే ఇరవై నిమిషాలు హైవే మీద తోలండి అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు వారానికోసారి ఖాళీ బండిని వెంకటాచలం టోల్ దాకా తోలి తెస్తాం, మళ్లీ ఆ లైటు వెలగలేదు.

నంబరు సంగతి కూడా చెప్పాలి. మొదటి రెండు బండ్లూ ఏపీ26, అంటే నెల్లూరు జిల్లా నంబరు. కోయంబేడులో ఏపీ26 కనపడితే చాలు, మనూరి వాళ్లని దగ్గరికెళ్లి "ఏమబ్బయ్యా, ఎట్టా ఉండాది మార్కెట్" అని పలకరించుకునేవాళ్లం, ఏపీ27 అయితే ఒంగోలు పక్క వాళ్లు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ39 సిరీస్ పెట్టారు, ఇప్పుడు శ్రీకాకుళం బండో మన బండో ప్లేటు చూస్తే తెలియదు. నాకైతే అది లోటే.

మా మేనల్లుడి విషయానికొస్తే వాడికి కాలం కలిసొచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పన్ను వేయకముందు ఎనిమిది లక్షల బండి మీద అది అక్షరాలా ఎనభై వేలు. లైసెన్సుకూ బెంగ లేదు, కారు లైసెన్సు ఉంటే ఏడున్నర టన్నుల లోపు సరుకు బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబర్లో తేల్చి చెప్పింది. వాడు ముందు పొడవు తొట్టి బండి మీద మనసు పడ్డాడు. డెమో బండిని లోడుతో తోలి చూడాలి అని అడగమన్నాను. షోరూము వాళ్లు మొదట కుదరదన్నారు, కొనేది ఖాయమని అడ్వాన్సు చూపించాక ఒప్పుకున్నారు. నిమ్మకాయ బస్తాలు పది ఎక్కించి మా తోట డొంకలోకి తోలాం. బావి దగ్గర మలుపులో పొడవు బండి తిరగలేదు, రెండుసార్లు వెనక్కి తీసి, కంచె మీదకు ఎక్కించి తిప్పాల్సి వచ్చింది. వాడు దిగి, మలుపునీ తొట్టినీ మార్చి మార్చి చూసి, "పొట్టిదే తీసుకుంటా మావా" అన్నాడు. వచ్చే గురువారం డెలివరీ, ఇన్సూరెన్స్ బయటే చేయించాడు.