నైరోబీ నుంచి మొంబాసా వరకు: ఆండ్రాయిడ్ పాఠాలు, కొత్త ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్

నైరోబీలో ఆండ్రాయిడ్ యాప్‌ల తయారీ నేర్పే పనికి ఒప్పుకొన్నప్పుడే, ల్యాప్‌టాప్‌తో పాటు ఎం1 చిప్ ఉన్న ఐప్యాడ్ ఎయిర్‌ను కూడా తీసుకువెళ్లి, 2025 సెప్టెంబరులో విడుదలైన దాని కొత్త సాఫ్ట్‌వేర్ ఐప్యాడ్‌ఓఎస్ 26 తరగతి గదిలో ఎంతవరకు అక్కరకు వస్తుందో చూడాలని నిశ్చయించుకున్నాను. కెన్యా 2024 జనవరి నుంచి సందర్శక వీసాను తీసివేసి, ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో పొందవలసిన ఎలక్ట్రానిక్ అనుమతిని ప్రవేశపెట్టింది. అయితే పాఠాలు చెప్పడం ఉద్యోగం కిందికి వస్తుంది కనుక, స్వల్పకాలిక పనులకు ఇచ్చే స్పెషల్ పాస్ కోసం ఆహ్వానించిన సంస్థ చేత ముందుగానే దరఖాస్తు చేయించుకోవాలి.

మొదట నగర కేంద్రంలోని ఒక హోటల్లో దిగాను. గది విశాలంగా, శుభ్రంగా ఉన్నప్పటికీ వైఫై లాబీలో తప్ప నిలకడగా అందేది కాదు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ లిఫ్టుకూ నడవాలకూ మాత్రమే పనిచేసేది. మర్నాటి పాఠానికి కావలసిన లైబ్రరీలను (సిద్ధంగా దొరికే కోడ్ కట్టలను) రాత్రిపూట దించుకోవలసిన మనిషికి అటువంటి బస పనికిరాదు. తరువాత నైరోబీలోనే కిలిమాని అనే పేటలోని ఒక సర్వీస్డ్ అపార్ట్‌మెంటుకు మారాను. అక్కడ గదిలోని ప్లగ్గులకు కూడా జనరేటర్ సరఫరా ఉంది, ఫైబర్ కనెక్షన్ ఉంది, రాసుకోవడానికి సరైన బల్ల ఉంది. పక్కనే ఉన్న ఎన్‌గాంగ్ రోడ్డు మీదనే 2010లో సాంకేతిక నిపుణులు కలిసి పనిచేసుకునే ఐహబ్ అనే కేంద్రం మొదలైంది. ఆ ప్రాంతంలో సాంకేతిక సమావేశాలకు నడిచి వెళ్లగలగడం ఈ బసకు ఉన్న మరొక మేలు. మ్లోలోంగో నుంచి వెస్ట్‌లాండ్స్ వరకు 27 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే 2022లో వచ్చిన తరువాత విమానాశ్రయం దారి సుఖంగానే ఉంది గాని, ఊరిలోపలి రోడ్ల మీద సాయంత్రపు రద్దీని తక్కువగా అంచనా వేయకూడదు. బోధనా స్థలానికి దగ్గరలో గది దొరికితే అద్దె కొంత ఎక్కువైనా తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 8 జీబీ మెమరీకి మించి లేదు. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు, కంప్యూటర్ తెర మీదే నకిలీ ఫోన్‌ను చూపించే ఎమ్యులేటర్‌ను కూడా నడిపితే అవి కదలకుండా నిలిచిపోయేవి. అందువల్ల ఎమ్యులేటర్ ప్రస్తావనే మానుకుని, ప్రతి ఒక్కరి జేబులోనూ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌నే పరీక్షా యంత్రంగా వాడించాను. కేబుల్ లేనివారికి ఆండ్రాయిడ్ 11 నుంచి లభిస్తున్న వైర్‌లెస్ డీబగ్గింగ్ (వైఫై మీదుగా యాప్‌ను ఫోన్‌లో పరీక్షించే పద్ధతి) ఉపయోగపడింది. కోడ్‌ను యాప్‌గా కూర్చే గ్రాడిల్ అనే సాధనం దించుకునే ఫైళ్లను ముందే ఒక డిస్కులో పెట్టి అందరికీ కాపీ చేసి, ఆఫ్‌లైన్ పద్ధతిలో బిల్డ్ చేయించడం వల్ల ఇంటర్నెట్ కోసం ఎదురుచూసే సమయం బాగా తగ్గింది.

కెన్యాలో చామాలు అనే పొదుపు బృందాలు ఊరూరా ఉన్నాయి. అవి మన స్వయం సహాయక సంఘాల వంటివే. ఒక చామా జమాఖర్చులు చూసే యాప్‌ను కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, తెరలను రూపొందించే జెట్‌ప్యాక్ కంపోజ్‌తో నిర్మించడమే మా అభ్యాసం. సభ్యుల వాటా ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా ద్వారా రావాలి, ఎందుకంటే 2007లో టెలికాం సంస్థ సఫారీకామ్ ప్రారంభించిన ఆ సేవ లేని చెల్లింపుల యాప్‌ను అక్కడ ఎవరూ పట్టించుకోరు. డెవలపర్ల కోసం సఫారీకామ్ ఇచ్చే దరాజా ఏపీఐ (మన యాప్‌ను ఎం-పెసాతో కలిపే మార్గం) ద్వారా మనం చెల్లింపు అభ్యర్థన పంపితే సభ్యుని ఫోన్ మీద పిన్ అడిగే పెట్టె తెరుచుకుంటుంది. ఫోన్ నంబరును ముందున్న సున్నా తీసి 254తో మొదలుపెట్టి ఇవ్వాలి. ఆ ఏపీఐని వాడుకోవడానికి అనుమతిగా ఇచ్చే ఒక్కో యాక్సెస్ టోకెన్ గంటసేపే చెల్లుతుంది. ఇవన్నీ ఒక పూటలో వచ్చేశాయి. అసలు కష్టం ఆ తరువాతిది. అభ్యర్థన అందిందని సర్వర్ వెంటనే ఇచ్చే జవాబునే డబ్బు ముట్టినట్టుగా లెక్కవేసి చాలామంది ఖాతాలో జమ రాసేశారు. నిజమైన ఫలితం కొద్దిసేపటికి మన సర్వర్‌కు విడిగా వస్తుంది. అందులో ఫలితపు సంఖ్య 0 అయితేనే చెల్లింపు జరిగినట్టు, 1032 అయితే సభ్యుడు రద్దు చేసినట్టు. రహస్య కీలను యాప్‌లో దాచకుండా సర్వర్‌లోనే ఎందుకు ఉంచాలో కూడా ఇక్కడే వివరించవలసి వచ్చింది. పదిమంది సొమ్ము కలిసే చోట ఈ తేడా తెలియని యాప్‌ను బయటికి వదలడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే అనుకున్న అధ్యాయాలను కొన్ని వదులుకుని దీనికే ఎక్కువ కాలం కేటాయించాను.

ఐప్యాడ్ విలువ తెలిసింది ఈ పాఠంలోనే. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ప్రతి యాప్‌నూ మూల పట్టుకుని లాగి కావలసిన పరిమాణంలో కిటికీగా (విండోగా) మార్చుకోవచ్చు, అంచుకు విసిరితే సగం తెరకు సర్దుకుంటుంది, పైనుంచి వేలితో లాగితే మెనూ పట్టీ వస్తుంది. ప్రొజెక్టర్‌ను రెండవ తెరగా పెట్టి, ఒక పక్క కోడ్, మరొక పక్క ఆపిల్ పెన్సిల్‌తో గీస్తున్న సందేశాల రాకపోకల చిత్రం చూపిస్తూ, నా నోట్సును మాత్రం చేతిలోని తెర మీదనే ఉంచుకోగలిగాను. పీడీఎఫ్‌ల కోసం వచ్చిన ప్రివ్యూ యాప్ విద్యార్థుల నివేదికలు దిద్దడానికి హాయిగా ఉంది. అయినా ల్యాప్‌టాప్‌ను ఇంటి వద్ద వదిలి రావడం సాధ్యం కాదు, ఎందుకంటే ఆండ్రాయిడ్ స్టూడియో ఐప్యాడ్ మీద నడవదు. ఆపిల్ వారి స్విఫ్ట్ ప్లేగ్రౌండ్ యాప్‌తో ఐప్యాడ్‌లోనే యాప్ తయారుచేసి యాప్ స్టోర్‌కు పంపే వీలు 2021 డిసెంబరు నుంచి ఉన్నప్పటికీ, గదిలోని ఫోన్లన్నీ ఆండ్రాయిడ్‌వే అయినప్పుడు దానివల్ల ప్రయోజనం లేదు.

రెండవ బృందం కోసం మొంబాసాకు 2017లో ప్రారంభమైన మడరాకా ఎక్స్‌ప్రెస్ రైలులో వెళ్లాను. నైరోబీ స్టేషన్ ఊరికి దూరంగా స్యోకిమౌలో ఉంది, సామాను తనిఖీకి కూడా సమయం పడుతుంది కనుక బాగా ముందుగా చేరుకోవాలి. దాదాపు 470 కిలోమీటర్ల దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. పాఠాల వీడియోలను ఐప్యాడ్ తెర వెనుక తయారుచేస్తుండగా నేను వేరే కిటికీలో రాసుకోగలిగాను. ఈ సదుపాయం కూడా కొత్త సాఫ్ట్‌వేర్‌తో వచ్చినదే. మొంబాసాలో న్యాలీ వైపు బసలు ప్రశాంతంగా, సముద్రపు గాలితో బాగుంటాయి గాని, తరగతి నగరపు పాత భాగం ఉన్న ద్వీపం మీద జరిగితే ఉదయం వంతెన రద్దీ దాటాలి. నేనైతే ద్వీపంలోనే ఉండమంటాను. 1590లలో పోర్చుగీసువారు కట్టిన ఫోర్ట్ జీసస్‌కు సాయంత్రం నడిచి వెళ్లవచ్చు. ఏసీ లేని గదిలో ఐప్యాడ్‌ను కిటికీ ఎండకు దూరంగా ఉంచాలి, దానికి ఆపిల్ చెప్పే పరిమితి 35 డిగ్రీలు.

తీరప్రాంత విద్యార్థులు చామా యాప్‌ను స్వాహిలీలోకి మార్చుతూ నాకు తట్టని ఒక చిక్కును బయటపెట్టారు. స్వాహిలీలో గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది, అంటే ఉదయం ఏడు గంటలు వారికి మొదటి గంట. సమావేశపు వేళను అక్షరాలలో చూపిస్తే పెద్దలు ఒక విధంగా, పిల్లలు మరొక విధంగా అర్థం చేసుకుంటారు. వారు చర్చించుకుని, వేళను 24 గంటల అంకెలలో చూపించి, పక్కన ఉదయమో సాయంత్రమో తెలిపే బొమ్మను పెట్టారు. నైరోబీ బృందపు యాప్‌లో కూడా అదే మార్పు చేయించాను.