బ్లాక్ ఫ్రయర్: వీధిలో నిలబడి చూడవలసిన లండన్ పబ్

లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ రైల్వే స్టేషన్‌కు ఎదురుగా, క్వీన్ విక్టోరియా వీధి మలుపులోని ముక్కోణపు స్థలంలో ఇమిడి ఉన్న ‘ది బ్లాక్ ఫ్రయర్’ పబ్‌కు వెళ్ళేవారు తలుపు తీయడానికి ముందు కాసేపు రోడ్డుకు అవతలి పక్కన ఆగి చూడాలని నా సలహా. 1875 ప్రాంతంలో కట్టిన ఈ భవనాన్ని 1905 ప్రాంతంలో వాస్తుశిల్పి హెర్బర్ట్ ఫుల్లర్-క్లార్క్ పూర్తిగా కొత్త రూపానికి తెచ్చాడు. శిల్పాల పనిలో ఫ్రెడరిక్ కాల్‌కాట్, హెన్రీ పూల్ పాలుపంచుకున్నారు.

తెల్లని వస్త్రాల మీద నల్లని అంగీ ధరించే, అందుకే ‘బ్లాక్ ఫ్రయర్స్’ (నల్ల సన్యాసులు) అని పేరుపడ్డ డొమినికన్ క్రైస్తవ సన్యాసుల మఠం 1538లో మూతపడేవరకు ఈ స్థలంలోనే ఉండేది. ఆ జ్ఞాపకాన్ని భక్తిగా కాక హాస్యంగా వాడుకోవడమే ఇక్కడి అలంకరణ ప్రత్యేకత. ముక్కోణపు కొసన, ద్వారానికి పైన, బొజ్జ మీద చేతులు పెట్టుకొని నవ్వుతున్న లావుపాటి సన్యాసి విగ్రహం వచ్చేవారిని పలకరిస్తుంది. గోడల మీది మొజాయిక్ చిత్రాల్లోనూ సన్యాసులే; రాగిరేకు పలకల మీద వేలు చూపుతూ లోపలికి దారి చెప్పేవారూ వాళ్ళే. వీటిలో చాలావరకు నిజానికి వ్యాపార ప్రకటనలే అయినా, ప్రకటన అన్న సంగతి మనకు ఆలస్యంగా తడుతుంది. దుకాణం ముందు బోర్డు తగిలించడానికీ, గోడనే బోర్డుగా మలచడానికీ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది.

లోపల పాలరాయి, రాగి మరింత దట్టంగా ఉంటాయి. ‘రేపు శుక్రవారం’ అనే ఫలకంలో సన్యాసులు చేపలు, ఈల్స్ (పాముల్లాంటి పొడవాటి చేపలు) పట్టుకుంటారు. మన ఇళ్ళలో శనివారం నియమం వంటిదే, శుక్రవారం వారికి మాంసం నిషిద్ధం, చేపలు మాత్రం తినవచ్చు. 1917-21 మధ్య చేర్చిన కమాను కప్పు గదిలో నీతివాక్యాలు చెక్కారు. వాటిలో ఒకటి, ప్రకటనలు ఇవ్వవద్దు, కబుర్లరాయుడికి చెబితే చాలునని బోధిస్తుంది. బయటి గోడలను చూసి వచ్చినవారికి నవ్వు ఆగదు. అయితే ఆ గది అందాన్ని ఒప్పుకుంటూనే, బరువు కాస్త ఎక్కువైందని చెప్పక తప్పదు. బయటి పనితనంలోని తేలికదనమే నాకు నచ్చింది.

1960లలో కూల్చివేత ముప్పు వచ్చినప్పుడు కవి జాన్ బెచ్‌మన్ తదితరుల ఉద్యమం వల్ల ఇది నిలిచింది. నేడు గ్రేడ్ 2 స్టార్ రక్షిత కట్టడం. భోజనంలో పిండిపొరలో కూరి కాల్చే ‘పై’లు, ఫిష్ అండ్ చిప్స్ వంటి ఇంగ్లీషు పబ్ వంటకాలే దొరుకుతాయి. ఆఫీసులు వదిలాక చుట్టుపక్కల ఉద్యోగులతో కిక్కిరిసిపోతుంది కనుక, పనిరోజున మధ్యాహ్నం, మొజాయిక్ రంగులు స్పష్టంగా కనిపించే పగటి వెలుతురు ఉండగానే వెళ్ళడం మంచిది.