గీత గీయాలా, గట్టు కట్టాలా, కారునే చుట్టు తిప్పాలా?

ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. వీధుల రూపు మార్చి ఈ పొగ తగ్గించాలనుకునే నగరం మొదట చేసే పని, రోడ్డు అంచున గీత గీసి సైకిల్ బొమ్మ వేయడం. ఖర్చు తక్కువ, ఫొటోలో బాగుంటుంది. కానీ రంగు ఏ కారునూ ఆపలేదు. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

గట్టు కట్టి వేరు చేసిన సైకిల్ దారి సంగతి వేరు. స్పెయిన్‌లోని సెవిల్ కొద్ది ఏళ్లలోనే ఇలాంటి దారులను పదుల కిలోమీటర్ల మేర, ఒకదానితో ఒకటి కలిసేలా వేసింది. నామమాత్రంగా ఉన్న సైకిల్ ప్రయాణాలు ఎన్నో రెట్లు పెరిగాయి. అసలు కిటుకు ఆ కలయికలోనే ఉంది: దారి ఒక్క కూడలిలో తెగినా పిల్లలను సైకిల్ మీద పంపడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అయితే రెండు చిక్కులున్నాయి. కాలిబాటను కోసి సైకిల్ దారి వేస్తే నష్టపోయేది నడిచేవారే. ఇక కారు వాడేవారు కాక, బస్సు మానినవారే సైకిల్ ఎక్కితే, కార్ల పొగ అలాగే ఉంటుంది.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ 1977లో మరో దారి పట్టింది. నగర కేంద్రాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక భాగం నుంచి మరోదానికి కారు నేరుగా వెళ్లకుండా కట్టడి చేసింది. కారు వలయ రహదారి మీదుగా చుట్టి రావాలి. నడిచేవారూ సైకిల్ తొక్కేవారూ తిన్నగా వెళ్లిపోవచ్చు. ఇది నిషేధం కాదు, ఏ ఇంటికైనా కారు చేరుతుంది. కానీ పక్క వీధికి వెళ్లడానికి ఊరు చుట్టాలంటే తాళంచెవి తీసేముందు ఎవరైనా ఆలోచిస్తారు. వేడెక్కని ఇంజిన్ కిలోమీటరుకు ఎక్కువ ఇంధనం తాగుతుంది కాబట్టి, ముందుగా మానాల్సినవి సరిగ్గా ఆ చిన్న ప్రయాణాలే. బెల్జియంలోని ఘెంట్ కూడా 2017లో ఇదే బాట పట్టింది.

లోపలి వీధులకు నా ఓటు ఈ మూడో పద్ధతికే. కార్లకు అడ్డంగా కొన్ని పూలకుండీలు, కొన్ని సూచికలు చాలు. అంబులెన్సు కోసం కిందికి దిగే స్తంభాలు పెట్టవచ్చు. కార్లు చుట్టు తిరిగితే పొగ పెరగదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రయాణం మానేవారు తక్కువైతే తప్పక పెరుగుతుంది, ఆ భారం వలయ రహదారి పక్క ఇళ్లవారి మీద పడుతుంది. అందుకే గట్టు కట్టే డబ్బును ముందుగా ఆ పెద్ద రోడ్డు మీద, అందులోనూ జనం దాన్ని దాటే చోట్ల ఖర్చుపెట్టాలి.