అణువుల బంతుల కిట్: బాగుంది, కానీ ఒక ఎర్ర బంతి తక్కువ

మా పాప తొమ్మిదో తరగతి. ఫార్ములాలు బట్టీ కొట్టి కొట్టి, చివరికి పరీక్షలో నీటికి హెచ్‌టూఓ బదులు హెచ్ఓటూ అని రాసొచ్చింది. ఆ కోపంలో ఆన్‌లైన్‌లో 649 రూపాయలు పెట్టి, రంగు బంతులకు పుల్లలు గుచ్చి అణువులు కట్టే ఈ కిట్ తెప్పించాను, నెల వాడాక రాస్తున్నా.

ఇందులో మెచ్చుకోవాల్సింది బెజ్జాలు. బంతికి ఎన్ని బెజ్జాలుంటే దాని సంయోజకత, అంటే అది కట్టగలిగే బంధాల లెక్క, అంత. తెల్లటి హైడ్రోజన్‌కి ఒకటి, ఎర్రటి ఆక్సిజన్‌కి రెండు, నల్లటి కార్బన్‌కి నాలుగు. 1865లో లండన్‌లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ క్రోకే ఆట బంతులకు పుల్లలు గుచ్చి ఉపన్యాసంలో చూపించినప్పటి రంగులే ఇవి, ఇప్పటికీ మారలేదు.

సరే, నువ్వు రాసిన హెచ్ఓటూ చేసి చూపించమ్మా అన్నాను. ఒక తెల్లది, రెండు ఎర్రవి వరసగా తగిలించింది. చివరి ఎర్ర బంతికి ఒక బెజ్జం ఖాళీగా మిగిలిపోయింది, కాసేపు దానికేసి చూసి ఇంకో తెల్లది గుచ్చేసింది. అది నీళ్లు కాదే, పుండు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ అన్నాను. మధ్యలో ఒక ఎర్ర బంతి పీకేస్తే నీళ్లు! ఆ 2 ఎవరి పక్కన పెట్టాలో మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

పరమాణువుకీ అణువుకీ తేడా కూడా దీంతోనే తేలింది. బంతి పరమాణువు, గుచ్చాక అయ్యేది అణువు. పేపర్లో మాత్రం అణుబాంబు అనే రాస్తారు, ఏం చేస్తాం.

ఉప్పు మాత్రం దీంతో కుదరదు. దాన్లో విడివిడి అణువులుండవు, ఒక్కో సోడియం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) చుట్టూ ఆరు క్లోరైడ్‌లు చేరి గళ్లలా అల్లుకుపోతాయి. ఆ ముక్క కిట్‌తో వచ్చిన కాగితంలో లేదు.

పుల్లలు ఎంత బిగుతంటే, పీకేటప్పుడు నా గోరు చిట్లింది. ఇంకా చిరాకు, డబ్బా మీద ఎర్ర బంతులు 6 అని వేసి లోపల 5 పెట్టారు. గ్లూకోజ్‌కి సరిగ్గా ఆరు కావాలి. అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే ఒక్క బంతి పంపలేం, డబ్బా మొత్తం వెనక్కి పంపండి అన్నారు. పాప పంపనివ్వలేదు. పండిన రేగుపండు ఒకటి తెచ్చి పుల్లకి గుచ్చి గ్లూకోజ్ పూర్తి చేసింది, సాయంత్రానికి చీమలు పట్టాయి.

5కి 3 స్టార్లు.